మాట పుస్తకంలో... వరస పెద్దల గొంతులో

పల్లెల్లో క్రైస్తవ కీర్తనల కూటాలు: పాత వరసలు పోకముందే మేలుకోవాలి

డిసెంబరు వచ్చిందంటే ప్రకాశం జిల్లా పల్లెల్లో రాత్రిపూట హార్మోనియం మోగుతుంది. పగలంతా పొగాకు చేలల్లో, మిరప తోటల్లో పనిచేసి వచ్చినవాళ్ళు అన్నాలు తిని చర్చి దగ్గర చేరతారు. ఒకరు డోలక్ పట్టుకుంటారు. మరొకరు కంజీర అందుకుంటారు. తాళాల కోసం పిల్లలు పోటీ పడతారు. క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాడే కీర్తనలకు సాధన అలా మొదలవుతుంది.

ఈ కూటాల్లో పాడేవారు సంగీత విద్వాంసులు కారు. కూలీలు, చిన్న రైతులు, తాపీ పనివారు, బడిపంతుళ్ళు. గురువు ముందు కూర్చుని సరళీ స్వరాలు నేర్చుకున్నవారు అరుదు. అయినా వారు పాడే పాటల మీద శంకరాభరణం, బిలహరి, ఆనందభైరవి, ముఖారి, మధ్యమావతి వంటి రాగాల పేర్లు ఉంటాయి. పక్కనే తాళం పేరు ఉంటుంది. పాడేవారిలో చాలామందికి ఆ పేర్లతో పనిలేదు. పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో మాత్రం వారికి బాగా తెలుసు.

ఆ తెలివి వారికి పుస్తకం వల్ల రాలేదు. తల్లిదండ్రుల దగ్గర, ఊరి పెద్దల దగ్గర విని నేర్చుకున్నదే. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే వారితో పాటు వరసలూ పోతున్నాయి. కీర్తనలంటే ప్రాణం పెట్టేవారికి ఇప్పుడు బెంగ కలిగిస్తున్నది ఇదే.

పుస్తకం చెప్పేది సగమే

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో బైబిలు పక్కన ఉండే పుస్తకం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. లూథరన్లు, బాప్తిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వారు, ఇంకా ఎందరో ఈ పుస్తకాన్నే వాడుతున్నారు. సంఘాల పద్ధతులు వేరైనా పాట దగ్గర అందరూ ఒకటే.

ఈ పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం కనబడతాయి. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. రాసిన కవి పేరు కూడా ఉంటుంది. పల్లెల్లో అందరి చేతుల్లో ఉండే ప్రతిలో స్వరాలు మాత్రం ఉండవు. కర్నాటక సంగీతం నేర్చినవారికి రాగం పేరు చెబితే దారి తెలుస్తుంది. మిగతావారికి ఆ పేరు తలుపు మీద తాళం కప్పలాంటిదే. తాళంచెవి పెద్దల దగ్గర ఉంది.

పైగా ఒకే రాగంలో ఒక పాటను పది రకాలుగా పాడవచ్చు. అందువల్ల రాగం పేరు తెలిసినంత మాత్రాన ఊళ్ళో పాడే వరస తెలిసినట్టు కాదు. పల్లవిలో ఏ మాటను రెండుసార్లు అనాలి, ఏ చరణం తర్వాత నడక పెంచాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అనేవి ఎక్కడా రాసి లేవు. విన్నవారు చెప్పవలసిందే.

పర్లాకిమిడి సీమ కవి

ఈ కీర్తనలకు ఆద్యుడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. పూర్వీకులది వంగదేశం. తెలుగుతో పాటు సంస్కృతం, ఒరియా తెలిసినవారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఉత్తర కోస్తాలోను, గంజాం సీమలోను ఊరూరా తిరిగి బోధ చేశారు. 1890లో కన్నుమూశారు. వందకు పైగా కీర్తనలు రాశారు. అన్నమయ్యను పదకవితా పితామహుడు అన్నట్టే, చౌదరిని ఆంధ్ర క్రైస్తవ పదకవితా పితామహుడు అని పిలుస్తారు.

చౌదరి కాలం నాటికి తెలుగునాట కీర్తనకు గొప్ప పేరుంది. తిరువయ్యారులో త్యాగరాజు కన్నుమూసింది 1847లో. అప్పటికి చౌదరి వయసు 43. ఊళ్ళలో రామభజనలు, తత్వాలు, యక్షగానాలు జనం నోట ఆడుతున్న రోజులవి. విదేశీ మిషనరీలు తమ దేశపు పాటలను వెంట తెచ్చుకున్నారు. వాటిని తెలుగులోకి మార్చి పాడించారు కూడా. కాని జనం మనసుకు దగ్గరైంది పల్లవి, చరణం ఉన్న కీర్తనే. ఒకరు అందిస్తే పదిమంది అందుకునే ఆ పద్ధతి ఊరివారికి కొత్త కాదు.

చౌదరి తర్వాత పులిపాక జగన్నాథం, మల్లెల దావీదు, పంతగాని పరదేశి, చెట్టి భానుమూర్తి వంటి కవులు ఈ సంపదను పెంచారు. తెలుగు కీర్తనల్లోని భక్తి తత్వాన్ని పరిశీలించి డాక్టర్ ఆర్.ఆర్. సుందరరావు ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1983లో వెలువడింది. పల్లెల్లో పాడుకునే పాటలకు పండితుల పరిశీలనలోనూ చోటు దక్కిందన్నమాట.

గుండ్లకమ్మ ఒడ్డున

ఉత్తరాన పుట్టిన ఈ పాట ప్రకాశం జిల్లా పల్లెల్లో ఇంతగా పాతుకుపోవడానికి కారణం చరిత్రలో ఉంది. ఒంగోలు పక్కన కొండ మీద 1854 జనవరి 1న జూయెట్ దంపతులు, నెల్లూరు నుంచి వచ్చిన తోటి విశ్వాసులు కలిసి ప్రార్థన చేశారు. అప్పటి నుంచి అది ప్రార్థన కొండగా పేరు పొందింది. తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య 1866లో బాప్తిస్మం పొందారు. అదే ఏడాది జాన్ క్లౌ దొర ఒంగోలు చేరారు.

1876 నుంచి 1878 వరకు సాగిన ధాతు కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని పల్లెల పేదలకు కూలి చూపారు. కరువు తర్వాత 1878 జూలై 3న ఒంగోలుకు సమీపంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అలా క్రైస్తవులైనవారిలో ఎక్కువమంది మాదిగలు. చెప్పులు కుట్టడం, మోటబానలు కట్టడం, కూలికి పోవడం వారి బతుకు.

వారిలో చదువు వచ్చినవారు వేళ్ళమీద లెక్కపెట్టవలసినంతమంది. గుడిలోకి రానివ్వని రోజులు. బడిలో చేర్చుకోని రోజులు. అయితే పాట వారికి కొత్త కాదు. డప్పు వారి చేతిలో ఉంది. యోగుల బోధలు కూడా వారి వాడలకు అప్పటికే చేరాయి. పేరయ్య స్వయంగా క్రైస్తవుడు కాకముందు యోగ మార్గంలో నడిచినవాడే. ఈ సంగతులన్నీ క్లౌ దొర భార్య ఎమ్మా 1899లో వెలువరించిన ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నాయి.

అక్షరం రాని మనిషికి బోధ చేరాలంటే పాటే మార్గం. బోధకుడు ఒక్కొక్క పాదం అందిస్తే వాడంతా కలిసి పాడేది. నాలుగు రాత్రులు గడిచేసరికి పాట నోటికి వచ్చేది. పాట నోటికి వచ్చాక పుస్తకంలో అదే పాటను వేలితో చూపిస్తే అక్షరాలు గుర్తుపట్టడం తేలికయ్యేది. కీర్తనల పుస్తకమే పెద్దబాలశిక్ష అయిన ఇళ్ళు ఎన్నో.

ఇందులో గమనించదగ్గ విశేషం మరొకటి ఉంది. ఆ రోజుల్లో శాస్త్రీయ సంగీతం సభల్లోనూ, గుళ్ళలోనూ, జమీందారుల ఇళ్ళలోనూ ఉండేది. వాడవారు అక్కడికి వెళ్ళి కూర్చునే వీలు లేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన కవి రాగాలు కట్టి రాసిన కీర్తనలు చెప్పులు కుట్టేవారి ఇంటికి నడిచి వచ్చాయి. ఆనందభైరవి పేరు వినని అవ్వ ఆనందభైరవిలో మనవడికి జోల పాడింది. ఆ అవ్వ నేర్పిన వరస పోతే పోయేది ఒక్క పాట కాదు. మూడు నాలుగు తరాలవారు కష్టపడి దక్కించుకున్న విద్య పోతుంది.

ఏడాది పొడుగునా పాటే

కీర్తనల కూటాలు క్రిస్మస్‌తో ఆగవు. డిసెంబరు 31 రాత్రి పాత ఏడాదిని సాగనంపి కొత్త ఏడాదిని పాటతో పిలుస్తారు. ఈస్టరుకు ముందు 40 రోజుల శ్రమకాలంలో రోజుకో ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. గుడ్ ఫ్రైడేనాడు సిలువ పాటలు పాడతారు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో పాట వినబడుతుంది. పంట చేతికి వచ్చాక కోత పండుగ జరుగుతుంది. ధాన్యం, కూరగాయలు, కోళ్ళు చర్చికి తెచ్చి ఇచ్చే వేళ పాడే కీర్తనలు వేరుగా ఉన్నాయి.

పెళ్ళికి పాట ఉంది. గృహప్రవేశానికి పాట ఉంది. ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే ఇరుగుపొరుగు వచ్చి రాత్రంతా కీర్తనలు పాడుతూ కూర్చుంటారు. ఏడుపు ఆగని ఇంటికి ఆ పాటే ఆసరా. అటువంటి రాత్రి పుస్తకం తెరిచేవారు ఉండరు. నోటికి వచ్చినవారే పాట ఎత్తుకోవాలి.

పాట ఎత్తుకునేవారు ఎక్కువగా ఆడవాళ్ళే. వారం మధ్యలో జరిగే స్త్రీల కూటాలు, నాట్లు, కలుపుతీతలు వారికి సాధనశాలలు. చర్చిలో హార్మోనియం ముందు మగవారు కూర్చున్నా, మూడో చరణం మరిచిపోతే వెనుక వరుసలోని అవ్వే అందిస్తుంది. కీర్తనలు ఇంతకాలం నిలవడానికి ఆ వెనుక వరుసే ముఖ్య కారణం.

ఇక పెద్ద సభల సంగతి. తెలుగు దేశంలో జాతరల మాదిరిగా క్రైస్తవ సభలు జరగడం పాత ఆనవాయితీ. డోర్నకల్‌లో 1912 నుంచి 1945 వరకు బిషప్పుగా ఉన్న వి.ఎస్. అజరయ్య తెలుగు కీర్తనలను, దేశవాళీ పండుగ పద్ధతులను బాగా ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ దేవాలయాన్ని కూడా మన దేశపు శిల్ప పద్ధతిలోనే కట్టించారు. ముంగమూరి దేవదాసు 1938లో స్థాపించిన బైబిలు మిషనుకు వేరే కీర్తనల పుస్తకం ఉంది. గుంటూరు వద్ద ఏటా జనవరి చివర జరిగే ఆ మిషను సభలకు పల్లెల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని వెళతారు. హైదరాబాదులోని హెబ్రోనులో బక్త్ సింగ్ 1950లో ప్రారంభించిన సహవాసం వారికి ‘సీయోను గీతములు’ ఉన్నాయి. ఇటువంటి సభల్లోనే ఒక ఊరివారు మరో ఊరి వరస విని నేర్చుకుంటారు.

ఊరికో వరస

ఒకే కీర్తనను అన్ని ఊళ్ళలో ఒకే విధంగా పాడరు. కృష్ణకు ఇటువైపు ఒక వరస, అటువైపు మరో వరస వినబడుతుంది. పెళ్ళి చేసుకుని వచ్చిన కోడలు పుట్టింటి వరస ఎత్తుకుంటే అత్తగారి ఊరివారు ఒక్క క్షణం తడబడి ఆమె వెంట నడుస్తారు. నచ్చితే ఆ వరసే ఊళ్ళో నిలిచిపోతుంది.

వీటిలో ఏది సరైనది అనే వాదన అప్పుడప్పుడూ వస్తుంటుంది. పుస్తకంలో ఉన్న రాగానికి కట్టుబడాలని సంగీతం తెలిసినవారు అంటారు. తాతల నాటి వరస మార్చరాదని ఊరివారు పట్టుబడతారు. రెండింటిలోనూ న్యాయం ఉంది. రాగం వల్ల పాటకు కట్టుబాటు ఉంటుంది. వరస వల్ల పాట ఊరిది అవుతుంది. వాదన జరిగినా నష్టం లేదు. పాడేవారే లేక వాదన ఆగిపోతేనే నష్టం.

సముద్రం దాటిన కీర్తన

తెలుగువారు ఎక్కడికి వెళితే కీర్తన అక్కడికి వెళ్ళింది. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలి ఒప్పందాల మీద వెళ్ళిన తెలుగువారిలో క్రైస్తవులూ ఉన్నారు. వారి కోసం నెల్లూరు ప్రాంతపు బాప్తిస్టులు 1903లో జాన్ రంగయ్యను బోధకునిగా పంపారు. విదేశీ మిషనరీలు మన ఊళ్ళకు వస్తున్న కాలంలో, తెలుగువారు తమ మనిషిని సొంతంగా సముద్రం దాటించడం విశేషం. కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర రంగయ్య తెలుగు సంఘాన్ని నెలకొల్పారు.

నాలుగైదు తరాలు గడిచేసరికి అక్కడివారి ఇళ్ళలో ఇంగ్లీషు పెరిగి తెలుగు తగ్గిపోయింది. మాట పోయేటప్పుడు పాటను పట్టుకోవడం ఎంత కష్టమో వారి అనుభవం చెబుతోంది. మన పల్లెల్లో మాటకు లోటు లేదు. అయినా వరస జారిపోతోంది.

కొత్త పాట తెచ్చిన మార్పు

1970 నుంచి 2003 వరకు సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో తెలుగులో కూడా క్రైస్తవ కార్యక్రమాలు వినిపించింది. 1978లో ‘కరుణామయుడు’ సినిమా వచ్చింది. అందులోని పాటలు ఊరూరా మైకుల్లో మోగాయి. ఆ తర్వాత క్యాసెట్లు, సీడీలు వచ్చాయి. ఇప్పుడు చేతిలో ఫోనుంటే చాలు, రోజుకో కొత్త పాట దొరుకుతుంది.

కొత్త పాటలు రావడం మంచిదే. యువకులు కీబోర్డు, ప్యాడ్లు నేర్చుకుని ఉత్సాహంగా పాడుతున్నారు. చిక్కు వచ్చిందల్లా పాత కీర్తనను కీబోర్డులోని తయారీ తాళానికి అతికించినప్పుడే. చాపు తాళంలో ఊగుతూ నడిచే పాటను నాలుగు దెబ్బల తాళంలో బిగిస్తే మాటలు విరిగిపోతాయి. పాడలేక పెద్దలు మౌనంగా కూర్చుంటారు. పెద్దలు ఊరుకుంటే ఆ పాట ఆ ఊళ్ళో ఆగిపోయినట్టే.

మరో మార్పు కూడా వచ్చింది. వేదిక మీద నలుగురు మైకు పట్టుకుని పాడితే మిగతావారు వినేవారుగా మిగులుతున్నారు. కీర్తన కూటంలో మొదటి నుంచీ శ్రోతలంటూ ఎవరూ లేరు. గొంతు బాగున్నవారు, బాగులేనివారు అందరూ పాడేవారే. అందరూ పాడటం వల్లనే నోటికి వచ్చింది. వినడం అలవాటైతే నోటికి రావడం తగ్గుతుంది.

ఫోనే పనికి వస్తుంది

అయితే ఇందుకు విరుగుడు కూడా అదే ఫోనులో ఉంది. పాత కీర్తనలంటే ఇష్టమున్న యువకులు పెద్దల చేత పాడించి ఫోనులో పట్టుకుంటున్నారు. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకునేవారు ఊళ్ళోని అమ్మను, పెద్దమ్మను అడిగి వాట్సాప్‌లో పాట తెప్పించుకుని నేర్చుకుంటున్నారు. యూట్యూబులో పాత వరసలు పెట్టేవారు, వాటి కింద తమ ఊరి వరస వేరని చెప్పేవారు కూడా ఉన్నారు.

ఈ పని ఒక పద్ధతిలో జరిగితే మేలు. పెద్దలు పాడేముందు ఊరి పేరు, తేదీ, పల్లవి మొదటి మాట, పుస్తకంలోని రాగతాళాలు చెప్పించాలి. పాట నంబరు ఒక్కో ముద్రణలో మారవచ్చు కనుక నంబరు ఒక్కటే చెబితే చాలదు. ఆ వరసను ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడగాలి. మొదట వాయిద్యాలు లేకుండా నెమ్మదిగా ఒకసారి, తర్వాత తాళంతో మరోసారి పాడించాలి. ఒక్క పల్లవితో సరిపెట్టకుండా చరణాలన్నీ పాడించడం మంచిది. ఫోను పాడైతే అన్నీ పోతాయి. అందుచేత అదే పాట ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండేలా చూసుకోవాలి.

పట్టుకున్న పాట ఫోనులోనే ఉండిపోతే లాభం లేదు. వారానికి ఒక పాత కీర్తన చొప్పున ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పితే ఏడాదికి 52 పాటలు నోటికి వస్తాయి. పిల్లలకు కీర్తనల పోటీలు పెట్టే సంఘాలు కొత్త పాటతో పాటు ఒక పాత కీర్తన తప్పనిసరి అని నియమం పెట్టవచ్చు. తీర్పు చెప్పడానికి ఆ వరస తెలిసిన అవ్వను కూర్చోబెడితే పోటీకి నిండుదనం వస్తుంది. సంగీతం చదివినవారు చేయి కలిపితే ఊరి వరసలకు స్వరాలు రాసి పెట్టుకోవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. నెలకు ఒక శనివారం రాత్రి, ఒక చాప, ఒక హార్మోనియం ఉంటే చాలు.

చౌదరి రాసిన మాటలకు ఢోకా లేదు. అవి అచ్చయ్యాయి. మళ్ళీ మళ్ళీ అచ్చవుతాయి. వరసకు అచ్చు లేదు. ఈ క్రిస్మస్ సాధనకు ప్రతి ఊళ్ళోనూ పెద్దవయసువారిని ముందు వరుసలోకి పిలిచి, వారికి వచ్చిన పాటల జాబితా రాసుకోవడంతో పని మొదలుపెట్టవచ్చు. వచ్చే ఏడాదికి వాయిదా వేయదగిన పని ఇది కాదు.